ఇనప మంచం మోత

మొదటి వారమంతా అచ్యుతరావు మాస్టారు వాళ్ళ చేతికి మైకు ఇవ్వలేదు. స్టూడియో తలుపు వేయించి, ఫ్యాను ఆపించి, కళ్ళు మూసుకుని వినమనేవారు.

"ఏం వినపడిందమ్మా?" అని అడిగేవారు కాసేపయ్యాక.

"నా చెమట కారుతున్న చప్పుడండి," అంది ప్రసన్నలక్ష్మి. రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో వచ్చే పిల్ల. నోరు ఊరుకోదు.

"నవ్వులాట కాదు. శాలినీ, నువ్వు చెప్పు."

శాలిని చెప్పింది. పక్క గదిలో ఇన్వర్టరు గుర్రుమంటోంది. రోడ్డు మీద ఏదో లారీ గేరు మార్చింది. పైన పెంకుల మీద ఉడత తిరుగుతోంది. మాస్టారి చేతి గడియారం నడుస్తోంది.

మాస్టారు కళ్ళు తెరిచి ఆమె వైపు చూశారు. గడియారం విప్పి లేచి వెళ్ళి బయట బల్ల మీద పెట్టి వచ్చారు. "ఇన్నాళ్ళూ ఇది నాకు వినపడలేదు," అన్నారు.

ఏలూరు శివార్లలో పాత మిషను బంగళా ఒకటి స్వచ్ఛంద సంస్థ వాళ్ళు అద్దెకు తీసుకుని, అందులో 'మన రేవు' అనే చిన్న రేడియో పెట్టారు. ఊళ్ళకి సొంత రేడియోలు పెట్టుకోవడానికి ప్రభుత్వం అప్పటికి కొత్తగా అనుమతి ఇస్తోంది. ఏలూరు, చుట్టుపక్కల పల్లెలు, కొల్లేట్లో కొన్ని లంకలు, అంతవరకే అది వినపడేది. స్టూడియో అంటే ఒక గది. గోడలకి దుప్పట్లు, వాటి వెనక కొబ్బరి పీచు పట్టలు. సర్కారు రేడియోలో పనిచేసి రిటైరైన మాస్టారిని పిలిపించి స్థానికంగా కొంతమందికి పని నేర్పమన్నారు. శాలిని ఆ ప్రకటనని చర్చి నోటీసు బోర్డు మీద చూసింది. డిగ్రీ చదివి, పెళ్ళై, హైస్కూల్లో లెక్కలు చెప్పే మధుబాబుకి వేళకి క్యారేజీ కట్టి పంపుతూ ఉన్న మనిషి. "వెళ్ళు, ఇంట్లో ఎలాగూ గోడలు వింటున్నావు," అన్నాడు మధుబాబు. అతను హాస్యానికే అన్నాడు. ఆమె వెళ్ళింది.

రెండో వారం రికార్డర్లు ఇచ్చారు. ప్రసన్నలక్ష్మి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి వెళ్ళి హమాలీలతో మాట్లాడుకొచ్చింది. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి, అక్కర్లేనివి తీసేసి, గర్వంగా వినిపించింది. హమాలీ తన నడుం నొప్పి గురించి చెబుతున్నాడు. వాక్యం మధ్యలో వెనకాల వేలంపాట గొంతు ఉన్నట్టుండి తెగి, ఇంకెక్కడో మొదలైంది.

"మెడ కోసి తలకాయ ఇంకోవైపు పెట్టావు," అన్నారు మాస్టారు.

"మనిషి మాట బానే ఉంది కదండీ?"

"మనిషి మాట బానే ఉంది. మనిషి నుంచున్న చోటు తెగిపోయింది. మాట అయిపోయాక వెంటనే మిషను ఆపకమ్మా. ఒక్క నిమిషం ఎవరినీ మాట్లాడొద్దని చెప్పి, ఆ చోటు ఎలా మోగుతోందో అది ఊరికే పట్టుకురా. కోసిన చోట వెనకాల అది పరవాలి. అతుకుగుడ్డ అనుకో."

అప్పటి నుంచి వాళ్ళు దాన్ని అతుకుగుడ్డ అనే పిలిచారు. "మాటలన్నీ తెచ్చానుగానీ అతుకుగుడ్డ మర్చిపోయానే తల్లీ," అని ప్రసన్నలక్ష్మి నెత్తి కొట్టుకునేది. శాలిని ఎప్పుడూ మర్చిపోలేదు. పని అయిపోయాక చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఖాళీ నిమిషాల్ని వింటూ కూర్చునేది. మాటల కంటే ఆమెకి అవే ఇష్టంగా ఉండేవి.

ఇంకో మాట కూడా మాస్టారు తరచు అనేవారు. టేపు మీద ఉన్న ప్రతి చప్పుడూ ఎవరు చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో నీకు తెలియాలి. తెలియకపోతే అడుగు. అడగడం కుదరకపోతే కొయ్యి. వినేవాడికి నీకంటే ఎక్కువ తెలియడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ఇది వాళ్ళకి పని నేర్పే మాటగానే వినపడింది.

వేసవిలో మంచినీళ్ళ మీద ఒక కార్యక్రమం చెయ్యమని శాలినికి అప్పగించారు. ఆమె జువ్విలంకకి వెళ్ళింది. రోడ్డు ఆగిపోయిన చోట ఒక రేవు, రేవులో టీ కొట్టు, అక్కణ్ణుంచి పడవ. గుర్రపుడెక్కని గెడతో తోసుకుంటూ పడవవాడు నడిపించాడు. రెండు వైపులా చేపల చెరువుల గట్లు. కొన్నేళ్ళ కిందట అవి అక్రమమని ప్రభుత్వం వాటిని పేల్చేసింది. ఎక్కడ పేల్చారో తెలియకుండా మళ్ళీ లేచాయి.

ఊరి పెద్దలు అరుగు మీద కుర్చీలు వేయించి, సోడా తెప్పించి మాట్లాడారు. నీళ్ళు బాగానే ఉన్నాయన్నారు. పిల్లలకి కామెర్లు వచ్చిన మాట నిజమేగానీ అది మామిడిపళ్ళ వల్ల అన్నారు. అందరూ ఒకటే మాట, ఇంచుమించు అవే పదాలతో. శాలిని రికార్డు చేసింది, అతుకుగుడ్డ కూడా తీసుకుంది, దండం పెట్టి రేవు వైపు బయలుదేరింది.

ఊరి చివర ఒక ఇంటి గుమ్మంలో ఒకామె చీపురు పట్టుకుని నుంచుంది. వీధి అటూ ఇటూ చూసి, "మజ్జిగ తాగెళ్ళండి," అంది. ఎండకి పిలిచినట్టే పిలిచింది. లోపలికి వెళ్ళగానే చీపురు మూల పడేసి తలుపు దగ్గరగా వేసింది. ఆమె పేరు పాపమ్మ. భర్త ఏడుకొండలు చేపల చెరువు మీద కాపలా. వేళకి అన్నం తినడానికి తప్ప ఇంటికి రాడు.

గదిలో కిటికీ వారగా ఒక ముసలాయన ఇనప మంచం మీద పడుకుని ఉన్నాడు. చేతిలో సత్తు గ్లాసు. శాలిని కూర్చోగానే దాన్ని మంచం ఊచకి రెండుసార్లు కొట్టాడు. ఖణ్, ఖణ్. పాపమ్మ లేచి గ్లాసు అందుకుని, కుండలో ముంచి, తల పట్టుకుని తాగించి, పైటకొంగుతో గడ్డం తుడిచింది.

"మా మామయ్యండి, పోతురాజు. పచ్చవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ సెయ్యి ఒక్కటే ఆడుద్ది. వరదల్లో ఎవరో ఆస్పత్రి సామాన్లు పంచితే ఈ మంచం మా వంతుకొచ్చింది. ఊరు మొత్తం మీద ఇనప మంచం ఇదొక్కటే. రేతిరి పూట కొడితే రేవు దాకా ఇనపడుద్దని ఏడిపిత్తారు మమ్మల్ని," అని నవ్వింది. నవ్వు వెంటనే ఆగిపోయింది. "మీ మిషను ఇంకా తెరవలేదు కదా?"

"లేదండి."

"పేరు ఎయ్యరు కదా?"

"వెయ్యం."

"గొంతు?"

"కంప్యూటర్‌లో మార్చేస్తాం. మీవారు విన్నా పట్టుకోలేరు."

"మా ఆయనకి తెలీకపోతే సాలదండి. ఊరికి తెలీకూడదు. ఊరుమ్మడి సెరువు లీజుకిచ్చి ఆ డబ్బుతోటే ఊరు నడుత్తంది. లీజు సంగతి బయటోళ్ళ దగ్గర ఎవరెత్తినా కట్టు తప్పినట్టే. ఆ ఇంటోళ్ళతో ఎవరూ మాటాడరు. నిప్పు ఇవ్వరు. పడవ ఎక్కించుకోరు." పాపమ్మ కిటికీ వైపు చూసింది. వాళ్ళు కూర్చున్న చోటికి అందులోంచి నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. "పడవ లేకపోతే ఈ ఊళ్ళో మడిసి బతకడండి. అది మీకు తెలుసు కదా?"

"తెలుసండి. నేను మాట ఇస్తున్నాను."

శాలిని మిషను తెరిచింది.

పాపమ్మ చెప్పింది. లీజాయన చేపలకి మేత కింద కోడిపేగులు దింపిస్తాడు. వ్యాన్లు రేవుకొస్తాయి, పడవల మీద డ్రమ్ములు తెస్తారు. చేప పట్టినప్పుడల్లా ఆ నీళ్ళు ఇంజన్లు పెట్టి తోడేస్తారు. తోడిన నీళ్ళు బోదె కాలవలోకి పోతాయి, బోదె గట్టు మంచినీళ్ళ చెరువు దగ్గర తెగి ఉంది. తెగిందని అందరికీ తెలుసు. ఎదురింటి పిల్ల పచ్చగా అయిపోయి చచ్చిపోయింది. తన కూతుర్ని పుట్టింటికి పంపేసింది. "పెద్దోళ్ళు టిన్నుల్లో నీళ్ళు తెప్పించుకుంటన్నారండి. ఆళ్ళిళ్ళల్లో టిన్నులుంటాయి. మీకు సోడా ఇచ్చేరా? నీళ్ళు ఇచ్చేరా?"

శాలిని అరుగు మీది సీసాలు గుర్తు చేసుకుంది. సోడాయే ఇచ్చారు.

అప్పుడే ముసలాయన గ్లాసుతో కొట్టడం మొదలుపెట్టాడు. ఖణ్. ఖణ్. ఖణ్. ఒక్కొక్కటీ ఎడంగా, ఆగకుండా. హెడ్‌ఫోన్లలో అది గుండెల మీద పడుతున్నట్టుంది. పాపమ్మ లేవలేదు. గొంతు బాగా తగ్గించి ముందుకు జరిగింది. ఆమె చనువుగా దగ్గరకి జరిగిందనుకుని శాలిని మైకుని ఇంకా దగ్గరకి తీసుకెళ్ళింది. మంచం మోగుతూనే ఉంది. పాపమ్మ చెబుతూనే ఉంది, ఎదురింటి పిల్ల చివరి రోజు ఏం అడిగితే ఏం పెట్టారో, ఆ పిల్ల దేన్ని కక్కుకుందో. అంతటి మాట చెబుతున్నప్పుడు మధ్యలో ఆపి, తాతగారికి నీళ్ళివ్వండి అనడానికి శాలినికి నోరు రాలేదు.

చెప్పడం అయిపోయింది. ముసలాయన కూడా ఆగిపోయాడు.

"ఒక్క నిమిషం మనం ఏం మాట్లాడొద్దండి. ఊరికే కూర్చుందాం. ఈ గది చప్పుడు తీసుకోవాలి," అంది శాలిని.

పాపమ్మ విచిత్రంగా చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

స్టేషన్‌కి వచ్చాక శాలిని దాని మీద చాలా కష్టపడింది. పేర్లన్నీ తీసేసింది. పుట్టింటి మాట తీసేసింది, కాపలా మాట తీసేసింది. గొంతు కిందికి దించితే మగవాడి గొంతులా నకిలీగా ఉంది, పైకి లేపితే బొమ్మలా ఉంది. మధ్యలో ఎక్కడో ఒకచోట అది ఎవరిదీ కాని గొంతు అయింది, కానీ మనిషి గొంతే. కోసిన ప్రతి చోటా అతుకుగుడ్డ పరిచింది. ఎక్కడా అతుకు కనపడలేదు. ప్రసన్నలక్ష్మి విని, కోసిన చోటు చూపించమని పందెం కాసి ఓడిపోయింది. "నువ్వు రేడియోకి కాదే, బట్టల కొట్టుకి వెళ్ళాలి. నువ్వు రఫూ చేస్తే ఏ చీరైనా కొత్తదే," అంది. తరవాత ఇంకోసారి విని, బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

మాస్టారు కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు.

"ఆ ఖణ్ ఖణ్ ఏమిటి?"

"ఆవిడ మామగారండి. మాట లేదు. నీళ్ళు కావాలంటే గ్లాసుతో మంచానికి కొడతారు."

"నీకెలా తెలుసు?"

"నేను చూశానండి. కొడితే ఆవిడ లేచి నీళ్ళిచ్చింది."

మాస్టారు తలూపారు. అడగాల్సింది అడిగారు, ఆమెకి తెలిసింది చెప్పింది. "నీళ్ళ మీద కార్యక్రమం. లోపల ఒక మనిషి నీళ్ళకోసం కొడుతూనే ఉన్నాడు, ఎవరూ లేవడం లేదు. ఇది నువ్వు రాస్తే వచ్చేది కాదమ్మా, దొరికింది. దీన్ని వెనకాల దాచకు. ముందుకి తీసుకురా. మాట మొదలయ్యే ముందు ఇది ఒంటరిగా మోగనీ."

శాలిని ముందుకి తెచ్చింది. కార్యక్రమం ఆ మోతతో మొదలయ్యేట్టు చేసింది. మాటల వెనక కూడా దాని శబ్దాన్ని ఒక గీత పైకి లేపింది.

వేసే ముందు ఒకసారి పాపమ్మకి వినిపిస్తే బాగుండునని ఆమెకి అనిపించకపోలేదు. ఆ ఇంట్లో ఫోను ఏడుకొండలు దగ్గర ఉంటుంది. మళ్ళీ ఆ ఇంటికి వెళితే ఊరు చూస్తుంది. వెళ్ళకపోవడమే ఆవిడకి క్షేమం అనుకుంది. మాస్టారు కూడా అదే అన్నారు.

సాయంత్రం వార్తల తరవాత 'తాగే నీళ్ళు' వచ్చింది. స్టేషన్ ఫోను చాలాసేపు మోగింది. గణపవరం వైపు నుంచి కూడా ఎవరో చేశారు, అక్కడిదాకా వినపడుతుందని వాళ్ళకే తెలియదు. తరవాత వారం జువ్విలంకకి అధికారులు వెళ్ళి సీసాల్లో నీళ్ళు పట్టుకున్నారని తెలిసింది. బోదె గట్టు పూడ్చారట. కొన్నాళ్ళు ట్యాంకరు వచ్చిందట, రేవు దాకా. సంస్థ వాళ్ళు శాలినిని పిలిచి, ట్రైనింగు అయ్యాక ప్రొడ్యూసరుగా ఉండమన్నారు. మధుబాబు కాజాలు తెచ్చాడు.

వానలు మొదలయ్యాక, గట్టు పూడ్చిన తరవాత ఊరు ఎలా ఉందో చూసి రమ్మని మాస్టారు పంపించారు. శాలిని మళ్ళీ ఆ రేవుకి వెళ్ళింది.

రేవులో, టీ కొట్టు పక్కన, వానలో ఇనప మంచం ఒకటి ఉంది. పక్కబట్టలు లేవు. ఊచల మీద ఎర్రగా తుప్పు పట్టడం మొదలైంది. శాలిని దాన్ని చూసింది, చూసి తల తిప్పుకుని పడవవాడిని పిలిచింది. అతను వినపడనట్టు తాడు సర్దుకుంటున్నాడు.

టీ కొట్టు రామలక్ష్మి పిలిచింది. "రేడియో అమ్మాయివి నువ్వేనా?"

"అవునండి."

"ఇలా వచ్చి కూర్చో, తడుత్తున్నావు. నీకు పడవ దొరకదు."

శాలిని కూర్చుంది. హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయి. వాటిని తీసి సంచిలో పెట్టుకుంది.

"గొంతు బాగానే మార్చేరు," అంది రామలక్ష్మి, గ్లాసులు కడుగుతూనే. "నేనూ ఇన్నాను. ఆ గొంతు ఎవరిదో నాకు తెలీలేదు. కానీ అమ్మా, మంచం మోగేక ఇంక గొంతుతో పనేముంది? ఈ సుట్టుపక్కల అది ఎరగనోళ్ళెవరు? రేతిరి పూట నాకిక్కడికి ఇనపడేది. గట్ల మీద కాపలావోళ్ళందరికీ సెల్లుఫోన్లో మీ రేడియోనే కదా కాలక్షేపం. ఏడుకొండలు కూడా పాకలో కూకుని ఇంటన్నాడంట. మొదలెట్టగానే మా నాన్న కొడతన్నాడేంటి, ఎవరూ లేరా ఇంట్లో, అని లేచి పరిగెత్తుకొచ్చేడంట ఇంటికి. సగం దారిలో తెలిసింది ఆడికి, అది ఫోన్లోంచి అని."

"తరవాత?"

"తరవాతేముంది. మర్నాడు ఊరి పెద్దోళ్ళు పంచాయితీకి కూకోబెట్టేరు. తప్పు ఒప్పుకుని, మా ఇంటామె అబద్ధం సెప్పిందని రేడియోలో సెప్పమన్నారు. పాపమ్మ సెప్పనివ్వనంది. పిల్ల సచ్చిపోయింది అబద్ధం ఎలాగౌద్ది అంది. ఎదురింటోళ్ళే, ఆ పిల్ల తల్లే, నోరు మూసుకుని కూకుందంట అక్కడ. అంతే. ఏడుకొండలుకి పని పోయింది. ఈళ్ళ దోనె పట్టుకుపోయేరు. పడవల్లో ఎక్కించుకోవద్దన్నారు. ఆడు," అని రామలక్ష్మి గడ్డంతో పడవవాడిని చూపించింది, "ఆడు ఏడుకొండలుకి సొంత మేనమామ కొడుకు."

పడవవాడు తల ఎత్తలేదు.

"ముసిలోడికి జొరమొచ్చింది. ఆయాసం. ఆస్పత్రికి తేవాలంటే పడవ లేదు. మొగుడూ పెళ్ళాం మంచం మీదే పడుకోబెట్టి సెరోవైపు పట్టుకుని నీళ్ళల్లోకి దిగేరు. నడుం లోతు కొంతదూరం, మెడ లోతు కొంతదూరం. పాపమ్మ పొట్టి మడిసి. మంచం నెత్తిమీదకెత్తింది. గట్ల మీద జనం నుంచుని సూత్తన్నారు. నేనూ ఇక్కడ నుంచుని సూత్తన్నాను." రామలక్ష్మి గ్లాసు బోర్లించింది. "దారి పొడుగునా కొడతానే ఉన్నాడమ్మా ఆ గ్లాసుతో. ఇక్కడికొచ్చేసరికి కొట్టట్లేదు."

వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. శాలిని చెవులు వాటంతట అవే మంచం ఊచల మీద చినుకులు ఎలా పడుతున్నాయో వింటున్నాయి. ఆమె లేచి రోడ్డు మీదకి నడిచింది.

స్టేషన్‌కి వచ్చి మాస్టారికి చెప్పింది. "గొంతు మార్చాం కదమ్మా. పేరు తీసేశాం," అన్నారాయన, ఎవరికో జవాబు చెబుతున్నట్టు. "నేను నిన్ను అడిగాను. ఆ చప్పుడేమిటని అడిగాను."

"అడిగారండి."

"నువ్వు చెప్పావు."

"చెప్పానండి."

ఆ తరవాత క్లాసులో ఆయన మునుపటిలా వినమనలేదు. ఎవరి మాటైనా గాలిలోకి పంపేముందు ఆ మనిషికి మొత్తం వినిపించి తీరాలని, వినిపించే వీలు లేకపోతే ఎంత గొప్పదైనా పారెయ్యాలని మాత్రం చెప్పారు. ఎందుకని ప్రసన్నలక్ష్మి కూడా అడగలేదు.

దసరా ముందు ఒక మధ్యాహ్నం పాపమ్మ స్టేషన్‌కి వచ్చింది. గేటు బయట ఏడుకొండలు సంచులు పెట్టుకుని నుంచున్నాడు, కూతురు అతని కాలు పట్టుకుని ఉంది. అత్తిలి దగ్గర రైసుమిల్లులో పని దొరికిందని, ఊరు వదిలేసి అటు పోతున్నామని పాపమ్మ చెప్పింది. కేక వెయ్యలేదు, ఏడవలేదు. మనిషి సగమైంది. శాలిని కుర్చీ వేస్తే అంచున కూర్చుంది.

శాలిని చెప్పాలనుకున్న మాటలన్నీ ఎన్నోసార్లు సిద్ధం చేసుకుని ఉంది. "పాపమ్మగారూ, నేను..."

"అయ్యి తరవాతండి. బస్సుకి టైమౌతంది. ఆ రోజు మీరు మిషన్లో పట్టింది ఉందా? రేడియోలో ఏసింది కాదు. పట్టింది."

"ఉందండి."

"అది ఒకసారి పెడతారా. మామయ్యది ఫొటో కూడా లేదు మా దగ్గర."

శాలిని ఆమెని స్టూడియోలోకి తీసుకెళ్ళింది. తలుపు మూసి ఫ్యాను ఆపింది. హెడ్‌ఫోన్లు పెట్టబోతే పాపమ్మ వద్దంది, బయటికే పెట్టమంది.

టేపులో పాపమ్మ గొంతు వచ్చింది, మార్చని గొంతు. కోడిపేగులు, డ్రమ్ములు, టిన్ను నీళ్ళు. పాపమ్మ దాన్ని వేరేవాళ్ళది విన్నట్టు విన్నది. తరవాత మంచం మోగింది. ఖణ్. ఖణ్. ఖణ్. ఆమె చెయ్యి కుర్చీ అంచు పట్టుకుంది.

"అప్పుడు లేచి నీళ్ళిచ్చి ఉండాల్సిందండి. నేనే మధ్యలో ఆపి చెప్పాల్సింది," అంది శాలిని.

"నీళ్ళకి కాదండి."

"ఏంటండీ?"

"నీళ్ళకి రెండే కొడతాడు. ఇది నీళ్ళకి కాదు. కిటికీ పక్కన కదా మంచం, ఈధి కనపడుద్ది ఆయనకి. ఎవరన్నా మా ఇంటివైపు వత్తంటే ఇలా కొడతాడు, ఆళ్ళు పోయేదాకా ఆపడు. అరుగు మీంచి మీ ఎనకాలే ఎవరో వచ్చి ఉంటారు." పాపమ్మ ఇంకా స్పీకరు వైపే చూస్తోంది. "నోరు ముయ్యవే అంటన్నాడండి నన్ను. ఇంటన్నారా? నోరు ముయ్యవే, నోరు ముయ్యవే."

టేపులో ఆమె గొంతు తగ్గి, దగ్గరకి జరిగింది. ఎదురింటి పిల్ల చివరి రోజు మొదలైంది. మంచం మాట వెనకాల కాదు, మాట మీదే మోగుతోంది. ఇన్నిసార్లు విన్న దాన్ని శాలిని ఇప్పుడే మొదటిసారి విన్నది.

"మీకు తెలిసే..."

"తెలుసు. ఆపలేకపోయేనండి. ఎన్నాళ్ళనుంచో లోపల ఉండిపోయింది." కొంగు సర్దుకుని అంది, "ఇదేంటని మీరడిగుంటే సెప్పేదాన్ని. రేడియోలోకి తీసుకెళ్తారని నాకేం తెలుసు. మంచం మోత ఎవరన్నా తీసుకెళ్తారా?"



టేపులో చెప్పడం అయిపోయింది. మోత ఆగింది. శాలిని గొంతే వచ్చింది, మెత్తగా, మర్యాదగా: ఒక్క నిమిషం మనం ఏం మాట్లాడొద్దండి, ఊరికే కూర్చుందాం, ఈ గది చప్పుడు తీసుకోవాలి. తరవాత ఆ ఖాళీ నిమిషం మొదలైంది. దూరంగా నీటికోడి. ఎక్కడో ఇంజను. చూరు మీద గాలి. దాన్నే ముక్కలు చేసి శాలిని కోతల కింద పరిచింది, ఒక్క చోట కూడా అతుకు కనపడకుండా.

గేటు దగ్గర పిల్ల ఏదో అడుగుతోంది, ఏడుకొండలు సముదాయిస్తున్నాడు. అది బయటి చప్పుడు. తలుపు వేసి ఉన్నా వస్తోంది.

శాలిని ఆపడానికి చెయ్యి చాచింది. వద్దన్నట్టు పాపమ్మ తల ఊపింది.

నిమిషం చివర్లో మంచం రెండుసార్లు మోగింది. ఖణ్, ఖణ్.

పాపమ్మ గబుక్కున కుర్చీలోంచి లేచింది. దుప్పట్లు కట్టిన గోడల మధ్య, కుండ ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసింది.